దివ్యాంగ పింఛను నోటీసు మీద అప్పీలు: మా అన్నయ్యకి ఆ సేవ ఎలా అందింది

2025 ఆగస్టులో ఒక సాయంత్రం మా గ్రామ సచివాలయం అమ్మాయి మా అన్నయ్య ఇంటికి వచ్చి, వదిన చేతికి ఒక కాగితం ఇచ్చి, ముట్టినట్టు వేలిముద్ర వేయించుకుని వెళ్లింది. వదినకి చదువు రాదు. పక్కింటి పిల్లాడితో చదివించుకుని నాకు ఫోన్ చేసింది. "మీ అన్నయ్యకి ముప్పై అయిదు శాతమేనంట అమ్మాయ్. నలభై లేకపోతే పింఛను రాదంట" అంది. ఆమె గొంతులో కోపం లేదు, ఏడుపూ లేదు. అదే నాకు ఎక్కువ భయం వేసింది. కుడుతున్న జాకెట్ మిషన్ మీదే వదిలేసి బస్సెక్కాను.

అన్నయ్యకి పార్కిన్సన్స్. 2016లో కుడిచెయ్యి వణకడంతో మొదలైంది. టైల్స్ మేస్త్రీగా చేసేవాడు. రసమట్టం పెట్టకముందే కంటితో చూసి వాలు ఎటుందో చెప్పేవాడు. ఇప్పుడు 58 ఏళ్లు. కంచంలోంచి ముద్ద నోటిదాకా పోదు. 2019లో సదరం క్యాంపులో, అంటే వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు తేల్చే చోట, 65 శాతం అని సర్టిఫికెట్ ఇచ్చారు, పింఛను మొదలైంది. అప్పుడు నెలకి 3,000. 2024 జులై నుంచి ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను 6,000 అయింది. అందులో మందులకే 3,400 దాకా పోతుంది. మిగతాది ఇంటికి. అన్నయ్య ఎప్పుడు ఎక్కడ పడిపోతాడో తెలియక వదిన కూలికి వెళ్లడం మానేసి రెండేళ్లు దాటింది. కాబట్టి ఆ 6,000 ఆగిపోవడమంటే మా ఇంట్లో మాత్రలు ఆగిపోవడమే.

ఆ నోటీసు మీద మేం అప్పీలు పెట్టాం. మూడు నెలలు తిరిగాం. ఈ మూడు నెలల్లో ఏది బాగా జరిగింది, ఏది జరగలేదు, నేను ముందే తెలుసుకుని ఉండాల్సింది ఏమిటి అన్నది ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి కాగితం చేతిలో పెట్టుకుని ఎవరిని అడగాలో తెలియక కూర్చున్న ఇంటికి ఇది చేరితే చాలు.

పింఛను తీసుకుంటున్నవాళ్ల వైకల్యాన్ని ప్రభుత్వం మళ్లీ తనిఖీ చేయడమే తప్పని నేను అనను. లేని వైకల్యం చూపించి డబ్బు తీసుకునేవాళ్లు ఉంటే తీసెయ్యాల్సిందే. 2025 జనవరిలో ముందుగా మంచానికే పరిమితమై నెలకి 15,000 తీసుకునేవాళ్ల ఇళ్లకి డాక్టర్ల బృందాలు వెళ్లాయి. తర్వాత మిగతావాళ్లని విడతలవారీగా ఆసుపత్రులకి పిలిచారు. అన్నయ్య వంతు ఏప్రిల్‌లో వచ్చింది. మా నోటీసు కథ అసలు ఆ రోజే మొదలైంది, కానీ ఆ సంగతి మాకు ఆగస్టుదాకా తెలియలేదు.

ఆ రోజు ఏం జరిగిందో చెప్పాలంటే ముందు ఈ జబ్బు తీరు చెప్పాలి. పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకి లెవోడోపా అనే మందు ఇస్తారు. మాత్ర వేసుకున్న ముప్పావుగంటకో గంటకో ఒళ్లు కాస్త వదులవుతుంది, లేస్తారు, నడుస్తారు, మాట తేటగా వస్తుంది. దాన్ని డాక్టర్లు 'ఆన్' అంటారు. రెండు మూడు గంటలకి మందు దిగిపోతుంది. అప్పుడు 'ఆఫ్'. మనిషి కొయ్యలా బిగుసుకుపోతాడు. గుమ్మం దగ్గర కాళ్లు నేలకి అతుక్కుపోయినట్టు నిలబడిపోతాడు. జబ్బు ముదిరేకొద్దీ ఆన్ తగ్గుతూ, ఆఫ్ పెరుగుతూ ఉంటుంది. ఉదయం పదింటికి అన్నయ్యని చూసినవాళ్లు, మధ్యాహ్నం ఒంటిగంటకి చూసినవాళ్లు ఇద్దరూ ఒకే మనిషిని చూశామని నమ్మరు.

ఏప్రిల్‌లో మమ్మల్ని తొమ్మిదింటికి రమ్మన్నారు. ఆటో ఎక్కించాలంటే మాత్ర పడాలి, కాబట్టి వదిన ఏడున్నరకి వేసింది. అక్కడ వరుసలో కూర్చున్నాం. పదకొండు దాటుతుంటే అన్నయ్య బిగుసుకుపోవడం మొదలైంది. పిలిచేసరికి లేవలేడేమోనని వదిన రెండో మాత్ర కూడా వేసేసింది. పన్నెండున్నరకి పిలిచారు. మందు బాగా పట్టిన సమయం అది. లోపల ఒక డాక్టరు ఫైలు చూడకుండానే "నడిచి చూపించు" అన్నారు. అన్నయ్య పది అడుగులు నడిచాడు. "ఎలా ఉంది ఇప్పుడు?" అని అడిగారు. అన్నయ్య "బాగానే ఉన్నాను సార్" అన్నాడు.

ఆ మాట గురించి చాలా రోజులు ఆలోచించాను. తొమ్మిదేళ్లుగా ఎవరు అడిగినా అన్నయ్య జవాబు అదే. పదిమందిలో పని చేసి పదిమందికి పని చెప్పిన మనిషి, కొత్తవాళ్ల ముందు తన చేతకానితనం చెప్పుకోలేడు. అందులోనూ పెద్ద డాక్టరు అడిగితే మర్యాదగా బాగానే ఉన్నానంటాడు. మన ఇళ్లలో రోగులు చాలామంది ఇంతే. పక్కనున్న మనం "లేదు సార్, ఇది మాత్ర ప్రభావం" అని చెప్పాలి. వదిన చెప్పబోతే "మీరు బయట ఉండండమ్మా" అన్నారట. నేను ఆ రోజు వెళ్లలేదు. లోపల ఉన్న సమయం మొత్తం అయిదు నిమిషాలు కూడా కాదంది వదిన. ఏ ఆసుపత్రో చెప్పను, అక్కడ ఆ రోజు ఉన్న రద్దీ కూడా నాకు తెలుసు. కానీ గంట గంటకీ మారే జబ్బుని అయిదు నిమిషాల్లో కొలవడం కుదరదు. ఈ మొత్తం సేవలో నేను అస్సలు మార్కులు వెయ్యలేనిది ఆ గదికే.

సరే, నోటీసు. దాని మీద 35 శాతం అనీ, అర్హత లేదనీ, అభ్యంతరం ఉంటే 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చనీ ఉంది. ఎందుకు 35 అయిందో ఒక్క ముక్క లేదు. పల్లెల్లో అయితే ఎంపీడీవోకి, పట్టణాల్లో అయితే మున్సిపల్ కమిషనర్‌కి అప్పీలు ఇవ్వాలి. మర్నాడే మండల ఆఫీసుకి వెళ్లాను. అక్కడ అప్పటికే ముప్పై మంది దాకా ఉన్నారు. ఒకామె ఒళ్లో పదేళ్ల పాప, మెడ నిలవదు. ఇంకొకాయన రెండు చంకకర్రల మీద నిలబడి ఉన్నాడు, కూర్చుంటే మళ్లీ లేవలేనని. అందరి చేతుల్లోనూ అదే కాగితం.

రాత్రంతా కూర్చుని నేను రాసుకెళ్లిన అర్జీ రెండు పేజీలు. అన్నయ్య ఎంత మంచివాడో, ఎంత కష్టపడ్డాడో, జబ్బు ఎప్పుడు వచ్చిందో, ఎన్ని ఆసుపత్రులు తిరిగామో అన్నీ రాశాను. అక్కడి కంప్యూటర్ ఆపరేటర్ తీసుకుని చదివాడు. అతనికీ ఒక కాలు పోలియో. "అక్కా, ఇందులో జబ్బు గురించి ఉంది. ఆయన ఏం చేసుకోలేకపోతున్నాడో లేదు. శాతం తేల్చే డాక్టర్ల బోర్డు వాళ్లు చూసేది రెండోదే" అన్నాడు. గడువు ఇంకా ఉంది కాబట్టి తిరిగి రాసుకురమ్మన్నాడు. వెనక అంతమంది నిలబడి ఉన్నా ఆ అబ్బాయి అయిదు నిమిషాలు ఆగి చెప్పిన ఆ మాటే మా పింఛను నిలబెట్టింది. మండల ఆఫీసులో ఫ్యాన్ లేదు, నీళ్లు లేవు, దివ్యాంగులు ఎక్కాల్సిన మెట్లకి పట్టుకోవడానికి కడ్డీ లేదు. అయినా ఆ ఒక్క మనిషి వల్ల ఆ ఆఫీసుకి అయిదుకి నాలుగు ఇస్తాను.

ఇంటికొచ్చి నా కొలతల నోట్‌బుక్ తీశాను. జాకెట్ల కొలతలు రాసుకునేది. చివరి పేజీల నుంచి వెనక్కి అన్నయ్య రోజు రాయడం మొదలుపెట్టాం. వదిన గడియారం చూసి చెప్తుంది, వాళ్ల అబ్బాయి రాస్తాడు, నేను ఆదివారం వెళ్లి సరిచూస్తాను. ఒక రోజుది ఇక్కడ రాస్తున్నాను, ఎలా రాయాలో తెలియడానికి.

ఉదయం 4.50: పక్క మీద ఒత్తిగిలలేక పిలిచాడు, వదిన తిప్పింది. 6.30: మాత్ర. 7.20: మంచం మీంచి లేచాడు, చెయ్యి పట్టుకుంటే బాత్రూంకి వెళ్లాడు. చొక్కా గుండీలు వదిన పెట్టింది. 8.00: ఇడ్లీ తనే తిన్నాడు, 35 నిమిషాలు పట్టింది. 9.40: వంటింటి గుమ్మంలో కాళ్లు ఆగిపోయాయి, మూడు నిమిషాలు. 10.00: ఆఫ్ మొదలు. 10.30: మాత్ర. 11.25కి గానీ కదల్లేదు. 2.15: కూర్చున్నవాడు పక్కకి ఒరిగిపోయాడు. 3.00: మంచినీళ్లు పొలమారింది. రాత్రి 8.10: అన్నం వదిన తినిపించింది, 50 నిమిషాలు. 11.30, 1.45, 3.30: ఒత్తిగిలించడానికి వదిన లేచింది.

ఇలా 21 రోజులు రాశాం. అన్నీ కలిపి చూస్తే నాకే తెలియని సంగతులు బయటపడ్డాయి. రోజుకి సగటున నాలుగున్నర గంటలే తనంతట తను నడుస్తున్నాడు. 21 రోజుల్లో ఆరుసార్లు పడ్డాడు. తొమ్మిది రాత్రులు వదిన మూడుసార్ల కంటే ఎక్కువ లేచింది. మేం ఇంతకాలం "రాత్రుళ్లు కొంచెం ఇబ్బంది" అని చెప్పుకున్నది ఇదన్నమాట. ఆ లెక్క చూసి వదిన చాలాసేపు మాట్లాడలేదు.

తర్వాత న్యూరాలజీ డాక్టరు ఉత్తరం. ఇక్కడ నేనొక పొరపాటు చేశాను. మొదటిసారి వెళ్లినప్పుడు "పింఛను కోసం సర్టిఫికెట్ కావాలి సార్" అన్నాను. ఆయన పార్కిన్సన్స్ ఉంది, మందులు వాడుతున్నారు అని ఒక్క లైను రాసిచ్చారు. అది ఏ బోర్డుకీ పనికిరాదు. అన్నయ్యకి పార్కిన్సన్స్ లేదని ఎవరూ అనలేదు కదా. రెండోసారి నోట్‌బుక్ పట్టుకెళ్లాను. ఆయన పది నిమిషాలు పేజీలు తిప్పి, అన్నయ్యని మళ్లీ పరీక్ష చేసి, పేజీన్నర రాశారు. ఈ జబ్బు తీవ్రతని ఒకటి నుంచి అయిదు దాకా కొలిచే హోన్ అండ్ యార్ అనే పద్ధతి ఉందట. అయిదు అంటే ఎవరైనా సాయం చేస్తే తప్ప మంచానికో చక్రాల కుర్చీకో పరిమితం. అన్నయ్యకి ఆన్‌లో మూడు, ఆఫ్‌లో అయిదు అని రాశారు. రోజులో ఎక్కువ భాగం ఆఫ్‌లోనే గడుస్తోందని, మింగడం కష్టమవుతోందని, పొలమారి ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ వచ్చి ఆ జనవరిలో వారం రోజులు ఆసుపత్రిలో ఉన్నాడని కూడా రాశారు.

అప్పుడే ఆయన్ని ఇంకో మాట అడిగాను. బోర్డు దగ్గరికి మాత్ర వెయ్యకుండా తీసుకెళ్లమని ఒకరిద్దరు సలహా ఇచ్చారు, వెయ్యొచ్చా మానొచ్చా అని. ఆయన గట్టిగా చెప్పారు, ఆ పని ఎప్పుడూ చెయ్యొద్దని. లెవోడోపా ఉన్నట్టుండి ఆపేస్తే జ్వరం వచ్చి, కండరాలు బిగిసి, ప్రాణం మీదికి రావచ్చట. మాత్ర వేళకి వేసి, ఎన్నింటికి వేశారో కాగితం మీద రాసి బోర్డుకి చూపించమన్నారు. మీకు ఎవరైనా అలాంటి సలహా ఇస్తే వినకండి. పింఛను కంటే ముందు మనిషి.

ఈలోగా నేను చట్టం సంగతులు కొన్ని తెలుసుకున్నాను. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి. దీర్ఘకాలిక నరాల జబ్బుల కింద పార్కిన్సన్స్ పేరు అందులో స్పష్టంగా ఉంది. 59వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ నిర్ణయం మీద అప్పీలు చేసుకోవడం మన హక్కు. అంటే మనం ఎవరి కాళ్లూ పట్టుకోనక్కర్లేదు. 2017 నిబంధనల్లో, సర్టిఫికెట్ ఇవ్వడానికి నిరాకరిస్తే కారణాలు రాతపూర్వకంగా చెప్పాలని ఉంది. దానికి ఫారం 8 అని ఒక నమూనా కూడా ఉంది. మాకు కారణం ఎవరూ చెప్పలేదు కాబట్టి, సమాచార హక్కు చట్టం కింద అన్నయ్య పేరు మీద పది రూపాయలు కట్టి, ఏప్రిల్‌లో బోర్డు రాసుకున్న పరీక్ష కాగితం నకలు అడిగాను. 30 రోజుల గడువులో 27వ రోజు వచ్చింది. నడక మామూలుగా ఉంది, వణుకు స్వల్పం. అంతే. మందు వేళ గురించి గానీ, 2019 సర్టిఫికెట్ గురించి గానీ, జనవరిలో ఆసుపత్రిలో ఉన్న సంగతి గానీ అందులో లేదు. ఆ కాగితం చూశాక నాకు కోపం పోయింది. ఎక్కడ కొట్టాలో తెలిసింది.

అప్పీలు అయితే దాని కోసం ఆగకుండా గడువులోపే ఇచ్చేశాను. 24వ రోజు. నకలు వచ్చాక అదనపు కాగితంగా జత చేశాను. ఇది ముఖ్యం: అన్నీ సిద్ధమయ్యాక ఇద్దామని గడువు దాటించుకోకండి. ముందు ఒక పేజీ అయినా ఇచ్చి, ముద్ర వేసిన రసీదు తీసుకోండి. రసీదు ఇవ్వకపోతే అక్కడే నిలబడండి.

అర్జీని ఇచ్చేముందు ఒక వకీలు మేడమ్ చదివారు, పైసా తీసుకోకుండా. దివ్యాంగులకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంటుంది, 1987 చట్టం ప్రకారం. 15100 నంబరుకి ఫోన్ చేస్తే మా దగ్గర కోర్టులో ఎవరిని కలవాలో చెప్పారు. ఆమె నేను రాసిన వాటిలో రెండు వాక్యాలు కొట్టేశారు. ఒకటి మొదటి డాక్టరు మీద రాసిన కోపపు మాట. రెండోది "అన్నయ్య ఏ పనీ చేసుకోలేడు" అన్నది. "నోట్‌బుక్‌లో ఇడ్లీ తనే తిన్నాడని మీరే రాశారు కదమ్మా. ఒక్క అతి మాట ఉంటే మిగతా ఇరవై నిజాలూ నమ్మరు" అన్నారు. అది తీసేసి, ఏ వేళ ఏది చేసుకోగలడో, ఏది చేసుకోలేడో రాశాం. ఈ ఉచిత సేవకి అయిదుకి అయిదు. మా ఊళ్లో దీని గురించి తెలిసినవాళ్లు ఒక్కరు కూడా లేరు, అదొక్కటే బాధ.

ఇంకొక కాగితం జతచేశాం. అది నా సొంత ఆలోచన. పార్కిన్సన్స్‌లో చేతిరాత చిన్నదైపోతుంది. అన్నయ్య 2012లో బ్యాంకు పుస్తకం మీద పెట్టిన సంతకం నిండుగా, పెద్దగా ఉంటుంది. 2021లో పెట్టింది చీమల బారులా ఉంది. ఇప్పుడు వేలిముద్రే. మూడూ ఒకే పేజీ మీద జిరాక్స్ తీయించాను. కింద ఏమీ రాయలేదు.

సెప్టెంబరు 1న ఏమవుతుందోనని మాకు చాలా టెన్షన్. అప్పీలు పెట్టుకున్నవాళ్లకి పింఛను ఆపరని చెప్పారు గానీ, చేతిలో పడేదాకా నమ్మకం లేదు. పొద్దున్నే సచివాలయం అమ్మాయి వచ్చి 6,000 ఇచ్చింది. అక్టోబరులోనూ, నవంబరులోనూ ఇచ్చింది. విచారణ జరుగుతుండగా డబ్బు ఆపకపోవడం ఈ మొత్తంలో అన్నిటికంటే మంచి పని అని నా అభిప్రాయం. లేకపోతే సగం మంది మధ్యలోనే వదిలేసేవాళ్లు.

మళ్లీ పరీక్షకి తేదీ రావడం ఆలస్యమైంది. ఒక సోమవారం కలెక్టరేట్‌లో అర్జీల కార్యక్రమానికి వెళ్లి వినతి ఇచ్చాను, నంబరుతో రసీదు ఇచ్చారు. వారం తిరిగేసరికి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. దానివల్లే వచ్చిందో, ఎలాగూ వచ్చేదో నాకు తెలియదు.

ఈ మధ్యలోనే ఒకతను ఆసుపత్రి బయట టీ బండి దగ్గర పరిచయం చేసుకుని, అయిదువేలు ఇస్తే ఎనభై శాతం వేయిస్తానన్నాడు. వదిన ఒక నిమిషం నా మొహం చూసింది. ఆమె భయం నాకు తెలుసు. కానీ నిజంగా ఉన్న జబ్బుకి దొంగదారి ఎందుకు? రేపు మళ్లీ తనిఖీ వస్తే ఆ సర్టిఫికెట్ నిలవదు, అన్నయ్యకి దొంగ అన్న పేరు కూడా వస్తుంది. అప్పీలుకి ఫీజు ఒక్క రూపాయి లేదు. మాకు అయిన ఖర్చు మొత్తం జిరాక్సులకి 180, రెండుసార్లు కారు మాట్లాడుకున్నందుకు 2,800, సమాచార హక్కుకి 10. నా కుట్టుపని ఎన్ని రోజులు పోయిందో లెక్క వేసుకోలేదు.

రెండో బోర్డు నవంబరు రెండో వారంలో, వేరే ఆసుపత్రిలో. ఈసారి నేను వెళ్లాను. ఉదయం 6.30కి, 10.30కి మాత్రలు వేసినట్టు కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఫైలు పైన పెట్టాను. ఫైలులో మొదటి పేజీ మీదే మూడు వాక్యాలు: మందు పని చేసినప్పుడు ఈయన నడుస్తారు. రోజులో నాలుగున్నర గంటలే అలా ఉంటారు. దయచేసి రెండు వేళల్లోనూ చూడండి.

11.20కి పిలిచారు. ముగ్గురు డాక్టర్లు ఉన్నారు. మధ్యలో కూర్చున్న మేడమ్ ఆ మొదటి పేజీ చదివి "మందు ఎప్పుడు దిగుతుంది?" అని అడిగారు. ఒంటిగంట, ఒంటిగంటన్నర అన్నాను. అన్నయ్యని నడవమన్నారు, నడిచాడు. వెనక నుంచి భుజాలు పట్టి కొంచెం లాగి చూశారు, తూలిపోయాడు, పక్కనున్న డాక్టరు పట్టుకున్నారు. తర్వాత మేడమ్ "బయట కూర్చోండి, ఒకటిన్నరకి మళ్లీ పిలుస్తాను" అన్నారు. నేను నమ్మలేదు. కానీ సరిగ్గా ఒకటీ నలభైకి ఆమే బయటికి వచ్చారు. అన్నయ్య బెంచీ మీద ఒక పక్కకి ఒరిగి ఉన్నాడు, నోటి పక్కన చొంగ కారుతోంది. లేవమంటే మూడుసార్లు ప్రయత్నించి లేవలేకపోయాడు. ఆమె నేల మీద ఆయన ఎదురుగా గొంతుకూర్చుని "ఎలా ఉందండీ ఇప్పుడు?" అని అడిగారు.

అన్నయ్య మాట చాలా నెమ్మదిగా వచ్చింది. "బాగా... లేదు... మేడమ్."

తొమ్మిదేళ్లలో ఆ మాట అన్నయ్య నోట వినడం అదే మొదటిసారి. నేను పక్కకి తిరిగి నిలబడ్డాను.

నవంబరు చివర్లో ఫలితం వచ్చింది. 72 శాతం, శాశ్వతం. పింఛను కొనసాగింపు. ఆ రెండో బోర్డుకి నేను అయిదుకి అయిదే ఇస్తాను. ఆమె ఏ కొత్త పరికరమూ వాడలేదు. రెండు గంటల తర్వాత ఇంకొకసారి బయటికి వచ్చి చూశారు, అంతే.

మా ఊళ్లో అదే నెలలో నోటీసు వచ్చిన ఇంకో ముగ్గురు ఉన్నారు. ఇద్దరు అప్పీలు పెట్టలేదు. ఒకాయనకి పక్షవాతం, రమ్మన్న చోటికి తీసుకెళ్లే మనిషి లేడు. ఇంకొకామె తన శాతం తగ్గిందంటే నిజంగా జబ్బు తగ్గిందేమో అనుకుంది, డాక్టర్లే చెప్పారు కదా అని. ఈ సేవలో పెద్ద లోపం నాకు అక్కడే కనిపించింది. నోటీసు ఇంటికి తెచ్చి ఇస్తారు గానీ, అప్పీలు మాత్రం మనిషే ఆఫీసుకి మోసుకెళ్లాలి. పింఛను డబ్బు గుమ్మంలోకి తెచ్చి ఇవ్వగలిగినప్పుడు, అప్పీలు కాగితం కూడా ఆ గుమ్మంలోనే తీసుకోవచ్చు. అదే అమ్మాయి, అదే ట్యాబ్. ఈ మాట మొన్న మండల ఆఫీసులో రాతపూర్వకంగానే ఇచ్చి వచ్చాను. ఆ పక్షవాతం ఆయన నోటీసు గడువు దాటిపోయింది. అయినా ఆలస్యానికి కారణం రాసి, డాక్టరు కాగితం పెట్టి ఆయన చేత కొత్తగా అర్జీ పెట్టించాను. ఏమవుతుందో చూడాలి.

డిసెంబరు 1న సచివాలయం అమ్మాయి వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. అన్నయ్య వేలు మిషన్ మీద నిలవక మూడుసార్లు తప్పింది. ఆ అమ్మాయి తన రెండు చేతులతో అన్నయ్య మణికట్టు పట్టుకుని, వణుకు తగ్గేదాకా ఆగి, నాలుగోసారి వేయించింది. 500 నోట్లు పన్నెండు లెక్కపెట్టి వదిన చేతిలో పెట్టింది.

నోట్‌బుక్ మాత్రం ఆపలేదు. ఈ నెలలో మింగడం ఇంకా కష్టమైంది, నడక మూడు గంటలకి తగ్గింది. మంచానికే పరిమితమయ్యే రోజు వస్తే కేటగిరీ మార్చమని మళ్లీ అడగాలి. అప్పుడు ఈ పేజీలు కావాలి. జాకెట్ కొలతలకి కొత్త పుస్తకం కొనుక్కున్నాను.